ఇంటి మీద పేరు

థండర్ బేలో ఫిబ్రవరి అంటే
ఇనుము ముట్టుకుంటే చర్మాన్ని వదలదు.
చేతితొడుగు తీసి స్క్రూ పట్టుకున్నానో, అంతే సంగతులు.
మా నాన్న పని ఇది, ఆయన తర్వాత నాది.
వ్యాను మీద ఇప్పటికీ ఆయన పేరే,
ట్రెవిజాన్, తాళాలు బాగుచేయబడును.

ఫిన్లాండ్ వాళ్ల పేటలోంచి రైయో లాహ్తెలా ఫోన్ చేశాడు.
తాళం చెవి పోయిందన్నాడు.
చెవి పోగొట్టుకున్నవాడి గొంతు నాకు తెలుసు,
కొంచెం సిగ్గు, కొంచెం వణుకు ఉంటాయి అందులో.
ఈయన గొంతులో రెండూ లేవు.

వెళ్లేసరికి తలుపు బార్లా తీసే ఉంది.
"ముందుది మార్చు, వెనకదీ మార్చు,
ఆవిరిగది పక్కదీ.
చెవులు రెండు చాలు. రెండూ నాకే."
గుమ్మం పక్కన ఆడమనిషి బూట్లు,
మడమ దగ్గర టేపు చుట్టినవి.
కొక్కేనికి సగం అల్లిన మేజోడు,
సూదులు ఇంకా దాన్లోనే.

ఇల్లెవరిదన్నాను.
కాగితం తెచ్చి చూపించాడు. ఒక్కటే పేరు. నిజమే.
మరి ఆమె?
"వేరుపడ్డాం. చెల్లెలింటికి పోయింది, మూడ్రోజులు."
పెళ్లి?
"కాగితాల మీద ఇంకా ఉందిలే."

చాలా ఏళ్ల కిందట ఇలాగే ఒక తాళం మార్చి
కోర్టులో సాక్షిగా నిలబడ్డాను.
జడ్జి నన్నేమీ అనలేదు.
ఆ పిల్ల మాత్రం మెట్ల దగ్గర ఆగి అడిగింది:
"ఆ రోజు వరండాలో పాలసీసా చూశావా?"
చూశాను.
చూసే బిగించాను.

అప్పుడు తెలిసిందే ఇది:
ఒంటారియోలో కాపురం చేసిన ఇంటికి
కాగితం మీది పేరుతో పనిలేదు.
పెళ్లి తెగేదాకా, కోర్టు కాదనేదాకా
ఇద్దరికీ అదే గడప.
అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా రెండో చెయ్యి సంతకం పెట్టాలి.
ఒకరినొకరు గెంటెయ్యడానికి లేదు.

అదే చెబుతున్నాను రైయోకి.
తాళానికైనా చెవి ఉంటుంది,
ఆయన వినలేదు.

అంతలో కారు ఆగింది. తూలిక్కి.
ముందు నన్ను కాదు, నా చేతిలో డ్రిల్లుని చూసింది.
"ముప్పై ఒక్క ఏళ్లుగా ఇంటిపేరు మోస్తున్నాను,"
అంది బూట్ల మంచు దులుపుకుంటూ,
"ఇంటి మీద పేరు లేదు. అంతేనా?"
ఎవరితో అందో తెలీదు.
కోటులోంచి లాయరు ఉత్తరం తీసి
గోడ గడియారం కింద అంటించింది, మాట్లాడకుండా.
ఆ పక్కన ఆయన రక్తపోటు మాత్రల చీటీ
ఆమె రాతలోనే ఉంది.

నేను సామాను సర్దుకోబోతే
"ఆగు, గడియ ఎంత?" అంది.
"కుట్టుమిషను గదికి. లోపలి వైపు."

ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంది, దాటుకుంటూ చూశాను.
అరల మధ్య పసుపు టేపు,
ఇటొక పాలడబ్బా, అటొక పాలడబ్బా.
చట్టం ఇద్దరినీ లోపల ఉండమంది.
ఎలా ఉండాలో చెప్పలేదు.
తాళం వెయ్యడం నా పని,
తాళుకోవడం ఎవరి పనో
నేను చూసిన కాగితాల్లో ఎక్కడా లేదు.

నాలుగు స్క్రూలు.
గుమ్మంలో నిలబడి ఆయన లెక్కపెట్టాడు,
పెదాలు కదులుతున్నాయి.
"ఆ తలుపు మా మామయ్య చేశాడు," అన్నాడు చివరికి.
వాళ్ల నాన్న అని అర్థం కావడానికి
నాకు కొంచెం సేపు పట్టింది.

బిల్లు మీద పేరు దగ్గర పెన్ను ఆగింది,
సిరా గడ్డకట్టింది కూడా.
ఇంటి నంబరు ఒక్కటే రాశాను.

వ్యాను వెనక్కి తీస్తుంటే అద్దంలో కనపడింది,
మెట్ల మీద మంచుకి ఉప్పు చల్లుతోంది తూలిక్కి.
ఆయన దిగే వైపు కూడా.
అలవాటేమో.
అడగలేదు.